నలభై ఏడు వరసలు, ఒక గీత

తేదీ: రెండు

పోస్టులో స్పానిష్ నేర్పే బడివారికి, అందులోనూ పాఠాలు దిద్దేవారెవరో వారి చేతికే చేరవలసినది.

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ క్షేమమే అయి ఉంటారు. మధ్యలో మా తమ్ముడి క్షేమం ఒక్కటే తేలకుండా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నేను దర్జీని. కోట్లు కుట్టడం మొదలుపెట్టి నలభై తొమ్మిదేళ్ళయింది. చదువు మాత్రం పాత పత్రికల పుణ్యం. కొలతల కాగితాలు కత్తిరించడానికి కొట్టుకు తెప్పించేవాణ్ణి, కత్తెర పెట్టేముందు చదివేవాణ్ణి. అందుకే నాకు తెలిసిన కథల్లో సగానికి ముగింపు ఉండదు, మెడ దగ్గర కత్తిరించి ఉంటాయి. మీ ప్రకటన కూడా అలాగే దొరికింది. 'ఇంటి పట్టునే ఆరు నెలల్లో స్పా' వరకే మిగిలింది. తక్కినది ఒక లావుపాటి వకీలుగారి చంక కిందకు పోయింది.

మీ మొదటి పాఠం అందింది. నమస్కారం, బాగున్నారా, నా దగ్గర పెన్సిలు ఉంది. పెన్సిలు సంగతి సంతోషమే గాని, నా అవసరం వేరు.

ముప్పై ఒక్కేళ్ళ కిందట మా తమ్ముడు కొట్లోంచి వెళ్ళిపోయి ఓడెక్కాడు. స్పానిష్ మాట్లాడే ఊళ్ళో దిగి అక్కడే పెళ్ళి చేసుకున్నాడని వినికిడి. గొడవేమిటంటారా, గొడవే లేదు. పనిలో ఉండగా 'కత్తెర కింద పెట్టు' అన్నాను. పెట్టాడు. పెట్టి, అలాగే వీధిలోకి నడిచి వెళ్ళాడు. చెప్పిన పని చేసినవాడు అలగడమేమిటో నాకు ఈనాటికీ బోధపడదు. అప్పటినుంచి ఇటు ఉత్తరం లేదు, అటు ఉత్తరం లేదు.

పోయిన వారం ఒక కవరు వచ్చింది. పైన ఆస్పత్రి ముద్ర. లోపల ఆడవాళ్ళ చేతిరాత. మరదలే అయి ఉంటుంది. 'కున్యాదో' అని మొదలుపెట్టింది. తిట్టేమో అనుకుని నిఘంటువు తీశాను. 'బావగారూ' అని అర్థమట. ప్రాణం కుదుటపడింది, కాని ఒక్క వరస పాటే. రెండో వరసలో మళ్ళీ చిక్కుకుంది.

ఇంటి గుట్టు బజారున పెట్టడం నాకు నచ్చదు కాబట్టి ఆ ఒక్క వరసే రాస్తున్నాను. 'సు ఎర్మానో ఎస్పెరాబా కార్తా.' ఎర్మానో అంటే సోదరుడు, కార్తా అంటే ఉత్తరం. ఈ రెండూ దొరికాయి. ఎస్పెరాబా మాత్రం లేదు. 'ఎస్పెరార్' ఉంది. ఎదురుచూడటం అని ఒక అర్థం, ఆశపడటం అని ఇంకో అర్థం. రార్ ఎక్కడ, రాబా ఎక్కడ? దయచేసి వెంటనే చెప్పగలరు.

ఇట్లు,
మీ విద్యార్థి, దర్జీ

తా.క.: మా పక్క కొట్టు వాచీల ఆయన, 'కాలాలు నేర్చుకోవాలంటే నా దగ్గరికి రావాలి గాని పోస్టులో ఏంటయ్యా' అంటున్నాడు. ఆయన గోడ మీద పద్నాలుగు గడియారాలున్నాయి. ఏ రెంటికీ పొత్తు లేదు.


తేదీ: ఐదు

విద్యార్థి నంబరు 212 గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు మొదటి పాఠంలో ఉన్నారు. మీరడిగినది తొమ్మిదో పాఠంలోది. నియమాల ప్రకారం మధ్య పాఠాలు దాటి వెళ్ళకూడదు. మీరు వెంటనే అన్నారు కాబట్టి ఈ ఒక్కసారికి చెబుతున్నాను.

'ఎస్పెరార్' అనేది మూల రూపం. మీ బట్టల తాను వంటిది అనుకోండి. చివరి 'ఆర్' కోసేసి, చేసేది ఎవరో, ఎప్పుడో చూసుకుని వేరే తోక అతికిస్తారు. 'ఎస్పెరాబా' అసంపూర్ణ భూతకాలం. గతంలో కొంతకాలం జరుగుతూ ఉండిన పనికి వాడతారు. కాబట్టి మీ వాక్యానికి అర్థం, 'మీ తమ్ముడు ఉత్తరం కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు.'

ఆ పని ఇప్పుడు జరుగుతోందా లేదా అన్నది ఈ రూపం చెప్పదు.

ఇట్లు,
దిద్దుబాటు టీచరు

తా.క.: కాగితాలకు గుండుసూది గుచ్చి పంపకండి. నా బొటనవేలికి దిగింది.


తేదీ: ఎనిమిది

టీచరమ్మ గారికి,

నమస్కారాలు. క్షేమం సంగతి ఈసారి రాయలేను.

'ఉండేవాడు' అన్నారు. అమ్మా, మన భాషలో ఆ మాట ఎవరి గురించి అంటాం? మా మేష్టారు ఉండేవారు, మహా కోపిష్ఠి. ఎదురింట్లో ఒక ముసలావిడ ఉండేది, చేతి నిండా దానం. బతికున్న మనిషిని పట్టుకుని ఎవరూ ఉండేవాడు అనరు. మీ ఉత్తరం చదివి కుట్టుమిషను ముందు అలాగే కూర్చుండిపోయాను. కాలు తొక్కుతూనే ఉందట, సూది కింద బట్ట లేదట. వాచీల ఆయన వచ్చి నా కాలు పట్టుకుని ఆపాడు.

ఆయనకు చెప్పడమే పొరపాటయింది. పది నిమిషాల్లో వీధి వీధంతా పాకింది. మందుల షాపావిడ వచ్చి కళ్ళొత్తుకుంది. ఖాతాదారు ఒకాయన వచ్చి టోపీ తీసి కాసేపు నిలబడి, 'మీ తమ్ముడు పోయారట, ఘోరం. నా ప్యాంటు అయిందా?' అన్నాడు. కాజాలు కుట్టాలన్నాను. అలవాటు ప్రాణంతో గాని పోదు.

తర్వాత ఆలోచించాను. మీరు రాసింది మళ్ళీ చదివాను. 'ఇప్పుడు జరుగుతోందా లేదా అన్నది ఈ రూపం చెప్పదు.' మరి ఏ రూపం చెబుతుంది? ఆ రూపాన్ని పంపండి. తొమ్మిదో పాఠమైనా, తొంభయ్యో పాఠమైనా సరే. మా తమ్ముడు ఉన్నాడా, ఉండేవాడా?

ఇట్లు,
దర్జీ

తా.క.: గుండుసూది బదులు టాకా కుట్టాను. దారం లాగితే ఊడి వస్తుంది. బొటనవేలికి పసుపు రాసుకోండి.


తేదీ: పదకొండు

దర్జీ గారికి,

మరదలి ఉత్తరంలో ఒక్క వరస రాసి మిగతాది దాచుకున్నారు. వ్యాకరణానికి ఇంటి గుట్టు పనికిరాదు. నేను మొన్న ఫోను చేసి చదివించుకుంటే తప్ప తెలియలేదు. మీరు అక్షరం అక్షరం చదువుతుంటే ఇక్కడ మా ఆఫీసులో ముగ్గురు పని ఆపి విన్నారు. రాసుకుని సరిచూసుకోనిదే అర్థం చెప్పే అలవాటు నాకు లేదు కాబట్టి ఫోనులో చెప్పలేదు.

మా బడి అనువాదాలు చేయదు, నాలుగో నియమం. కాబట్టి దీన్ని అనువాదంగా కాక, ఉదాహరణలతో కూడిన పాఠంగా చదువుకోండి.

ఉదాహరణ: 'మీ తమ్ముడు ఉత్తరం కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.' రెండో వాక్యం వర్తమానం. మీ తమ్ముడు ఉన్నారు. ఖాతాదార్లకు చెప్పండి.

ఉదాహరణ: 'గుండెకు ఆపరేషన్ పద్దెనిమిదిన అంటున్నారు. అన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చేదాకా చేయించుకోనని కూర్చున్నాడు.' ఇక్కడ 'వచ్చేదాకా' అన్నచోట మామూలు రూపం వాడలేదు. సంభావనార్థకం వాడారు. ఇంకా జరగని పనికి, జరగాలని కోరుకునే పనికి, జరగదేమోనని భయపడే పనికి ఈ భాషలో వేరే తోక ఉంటుంది.

అర్థమైంది కదా. ఆయన ఆపరేషన్ మీ ఉత్తరం మీద ఆగి ఉంది.

అయినా తొందరపడి రాయకండి. ఈ భాషలో కొన్ని అక్షరాల నెత్తిన చిన్న గీత ఉంటుంది. అది ఉంటే ఒక అర్థం, లేకపోతే వేరొకటి. ముందు 'ఎస్పెరార్'ను ఏడు కాలాల్లో, ఆరుగురు మనుషులకు, చివర ఆజ్ఞార్థకంలో పూర్తిగా రాసి నాకు పంపండి. పట్టిక ఎలా వేయాలో తొమ్మిదో పాఠంలో ఉంది, జత చేశాను. అది దిద్దిన తర్వాతే ఉత్తరం.

ఇట్లు,
దిద్దుబాటు టీచరు

తా.క.: టాకా దారం లాగాను. కాగితం సగానికి చిరిగింది.


తేదీ: పద్నాలుగు

టీచరమ్మ గారికి,

వేయి నమస్కారాలు. మా వాడు వర్తమానంలో ఉన్నాడన్న మాట చదివి కొట్టు మూసేసి వీధి చివరిదాకా ఊరికే నడిచి వచ్చాను. ప్యాంటు ఖాతాదారుకు చెప్పాను, పోలేదట అని. 'మంచిది, మరి ప్యాంటు?' అన్నాడు.

మన భాషలోనే రాసి పడేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. వాడికి మన అక్షరాలు రావు. నాన్న బడికి పంపిన మూడు రోజుల్లో రెండు రోజులు గోడ దూకాడు, మూడో రోజు ఆదివారం. పక్కన కూర్చుని చదివి వినిపించవలసింది మరదలు. ఆవిడకు వచ్చింది స్పానిష్ ఒక్కటే. ఫోనులో మాట్లాడదామంటే వాడు మొండి. మాట గాలికి పోతుంది, రాతలో ఇవ్వాలంటాడట.

సంభావనార్థకం నాకు బాగా పట్టింది. అది ట్రయల్ వేసిన కోటు. టాకాలే గాని కుట్లుండవు. చెయ్యెత్తితే ఊడుతుంది. అయినా అద్దం ముందు ఎంత బాగుంటుందో. మా వృత్తి మొత్తం అందులోనే నడుస్తుంది.

ఇక అసలు సంగతి. ఉండబట్టలేక ఆస్పత్రికి ఫోను చేశాను. ఎత్తినావిడ 'ఎస్పేరే' అని ఒక్క మాట అని పాట పెట్టేసింది. చివరిదాకా పాటే. మీ పట్టికలో వెతికితే 'ఎస్పెరే' అంటే 'నేను ఎదురుచూశాను' అని ఉంది. ఆవిడ ఎవరి కోసం ఎదురుచూసిందో పాపం, గొంతులో విసుగు వినబడింది. అప్పుడు తట్టింది. ఆస్పత్రి వాళ్ళే వాడే మాట, తేలిక మాట, ఒక్క మాట. నేను చెప్పదలుచుకున్నదీ అదే కదా.

పద్దెనిమిది ముంచుకొస్తోంది. పరుగున పోయి తంతి ఇచ్చేశాను. 'ఎస్పెరే. అన్న.' తంతి గుమాస్తా నా ఫారం మీద గీతను గోటితో గీకి, 'ఈ ఈగరెట్టలు తంతిలో పోవండీ' అన్నాడు. పోకపోతే పోయిందిలే, మాట పోతే చాలన్నాను.

మనసు తేలికైంది. పట్టిక నిదానంగా రాస్తున్నాను.

ఇట్లు,
మీ విద్యార్థి

తా.క.: 'అన్న' అన్న మాటను స్పానిష్‌లో ఏమంటారో తెలియక మనదే పెట్టాను. అక్కడ అది ఆడవాళ్ళ పేరని వాచీల ఆయన అంటున్నాడు. నిజం కాదు కదా?


తేదీ: పదిహేడు

దర్జీ గారికి,

వాచీల ఆయన చెప్పింది నిజం. కాని అది చిన్న సంగతి.

గీత ఉన్న 'ఎస్పెరే' అంటే నేను ఎదురుచూశాను. గీత లేని 'ఎస్పేరే' అంటే ఆగండి. ఫోనులో ఆవిడ మీతో అన్నది అదే, లైనులో ఆగమని. మీరు తంతిలో పంపింది కూడా అదే. ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు, గుండె జబ్బు మనిషికి, 'ఆగండి' అని పంపారు. కింద సంతకం ఎవరో అన్నా అనే ఆవిడది.

ఇంకేం పంపకండి. నేను చెప్పేదాకా ఒక్క అక్షరం కూడా పంపకండి.

ఇట్లు,
దిద్దుబాటు టీచరు

తా.క.: ఇది చదివి కూర్చోండి. ముందే కూర్చుని చదవండని పైన రాయాల్సింది. నాకూ కంగారుగానే ఉంది.


తేదీ: ఇరవై, ఉదయం

టీచరమ్మ గారికి,

అమ్మా, జరగాల్సింది జరిగింది. మీ ఉత్తరం కంటే ముందే మరదలి తంతి వచ్చింది. మొదటి మాట 'ఎస్పెరామోస్.' తర్వాత ఆస్పత్రి, ముప్పై, ఆఖరు అన్న మాటలు. ముప్పయ్యో తేదీ ఆఖరు అవకాశమని తెలుస్తూనే ఉంది. ఆ మొదటి మాట పట్టికలో చూస్తే రెండు చోట్ల కనబడింది. వర్తమానంలో 'మేము ఎదురుచూస్తున్నాం', భూతంలో 'మేము ఎదురుచూశాం'. ఒకటే అక్షరాలు, గీత కూడా లేదు. ఇదేం భాష తల్లీ. 'నేను'కూ 'వాడి'కీ అంత తేడా పెట్టినవాళ్ళు 'మేము' దగ్గరికొచ్చేసరికి గుడ్డ చాలనట్టు రెండింటికీ ఒకే చొక్కా తొడిగారు. ఎదురుచూస్తున్నాం అంటే నా మాట విని ఆపరేషన్ ఆపారు. ఎదురుచూశాం అంటే ఇక నాతో పని లేదు. రెంటిలో ఏది తక్కువ చెడ్డదో తేల్చుకోలేకున్నాను.

వాచీల ఆయనకు చెబితే, 'మూడో అర్థం ఉంది కదయ్యా, ఆశపడుతున్నాం అని' అన్నాడు. ఆయన జీవితంలో సరైన సమయం చెప్పడం అదే మొదలు.

ఇక మీరు కాదన్నా సరే, ఉత్తరం రాసేస్తున్నాను. అక్కడికి చేరడానికి ఎనిమిది రోజులు పడుతుంది. మీకు చూపించి దిద్దించుకునే వ్యవధి లేదు. మీరడిగిన పట్టిక కూడా పూర్తయింది. నలభై ఏడు వరసలు. శుభ్రంగా ఎత్తి రాసి, రెండూ సాయంత్రం టపాలో వేస్తాను, మీది మీకు, వాడిది వాడికి. ఈ చీటీ మాత్రం ముందే వేసేస్తున్నాను, మీరు కోప్పడటానికి సమయం ఉండాలని.

 

ఇట్లు,
దర్జీ

తా.క.: ప్యాంటు అయిపోయింది. ఏం చేయాలో తోచక కుట్టేశాను. ఖాతాదారు నమ్మకుండా రెండుసార్లు తొడిగి చూసుకున్నాడు.


తేదీ: ఇరవై నాలుగు

దర్జీ గారికి,

ఈసారి మీరు కూర్చునే చదవాలి.

మీ కవరు ఈ ఉదయం వచ్చింది. అభ్యాసం అనుకుని ఎర్ర పెన్సిలు చేతిలో పట్టుకునే తెరిచాను. మొదటి వరస 'మి ఎర్మానో' అని ఉంది. పట్టికలో తమ్ముడు ఎందుకు వచ్చాడా అనుకుంటూనే అలవాటు కొద్దీ దిద్దుకుంటూ పోయాను. చివరికి వచ్చేసరికి తెలిసింది. అది మీ తమ్ముడికి రాసిన ఉత్తరం. అంటే నా పట్టిక ఆయనకు వెళ్ళింది.

నేను ముప్పై నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి వచ్చి ఇది రాస్తున్నాను.

మీ ఉత్తరానికి మార్కులు యాభైకి ముప్పై ఎనిమిది. అందులో మొత్తం పదకొండు క్రియలున్నాయి. తొమ్మిది ఆజ్ఞలు. ఆపరేషన్ చేయించుకో. మొండితనం మానుకో. డాక్టరు చెప్పినట్టు విను. మరదలిని ఏడిపించకు. ఇలా. వాటిలో ఒక్క తప్పు లేదు, ఆజ్ఞల్లో మీకు ఎప్పటినుంచో అభ్యాసం ఉన్నట్టుంది. పదో క్రియ, మీ దగ్గర పెన్సిలు ఉందన్న వాక్యంలోది. అది ఎందుకు రాశారో అర్థం కాలేదు, తప్పు లేకుండా వచ్చిన వాక్యం కాబట్టి రాసి ఉంటారు. పదకొండోది మాత్రం తప్పు. 'నేను ఎదురుచూస్తున్నాను' అనబోయి నెత్తిన అక్కరలేని గీత పెట్టారు. అది 'వాడెవడో ఎదురుచూశాడు' అయింది.

చెప్పకూడదు గాని చెబుతున్నాను. 'కత్తెర కింద పెట్టు' అన్న మాటకు మీ తమ్ముడు ఎందుకు వెళ్ళిపోయాడో, ఈ ఉత్తరం దిద్దుతుంటే నాకు కొంచెం తెలిసింది.

నాలుగో నియమం పక్కన పెట్టి, ఆ ఉత్తరాన్ని నేనే తిరగరాసి జత చేశాను. ఆజ్ఞలు రెండే ఉంచాను. కాని ఇప్పుడు పంపినా ముప్పైలోగా చేరదు.

ఇట్లు,
దిద్దుబాటు టీచరు

తా.క.: సగం రోజు సెలవు పెట్టి నేనే తంతి ఆఫీసుకు వెళ్ళాను. ఫారం తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. గీతలు లేకుండా అపాయం లేని మాట ఒక్కటీ దొరకలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ భాష చెబుతున్నాను. ఖాళీ ఫారం తెచ్చేశాను.


తేదీ: పన్నెండు

టీచరమ్మ గారికి,

నమస్కారాలు. ఇన్ని రోజులు మీకు రాయలేదు. మీ ఉత్తరం అందాక పెన్ను ముట్టుకోవాలంటే భయం వేసింది. ముప్పయ్యో తేదీ వచ్చింది, పోయింది. కొట్టు తెరిచాను గాని గుడ్డ ముట్టుకోలేదు. టపా అతను వీధి మలుపు తిరిగితే చాలు, వాచీల ఆయన అక్కడినుంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడు, లేదని. నిన్న ఊపలేదు.

మరదలి ఉత్తరం నాలుగు పేజీలు. నిఘంటువు పెట్టుకుని నిన్న పొద్దుటినుంచి ఈ పూట దాకా చదివాను. తప్పులుంటే మీరు క్షమించాలి, జరిగింది ఇది.

మా కవరు ఇరవై తొమ్మిదిన చేరింది. మరదలు మంచం అంచున కూర్చుని విప్పింది. కాలాల పేర్లు నేను మన లిపిలో రాశాను కదా, అవి ఆవిడకు నగిషీల్లా కనబడ్డాయట. వదిలేసి కింది వరసలు చదవడం మొదలుపెట్టింది. 'నేను ఎదురుచూస్తున్నాను.' వాడు గోడవైపు తిరిగాడు. 'నువ్వు ఎదురుచూస్తున్నావు.' అవునన్నాడట గోడతో. 'ఆమె ఎదురుచూస్తోంది' అన్నచోట మరదలు కాస్త ఆగింది, అది తననేనని. 'మనం ఎదురుచూస్తున్నాం' దగ్గర వాడు ఇటు తిరిగాడు.

తర్వాత భూతకాలం వచ్చింది. నేను ఎదురుచూశాను, నువ్వు ఎదురుచూశావు. తర్వాత చూస్తూ ఉండేవాణ్ణి, చూస్తూ ఉండేవాడివి. భవిష్యత్తుకు వచ్చేసరికి పక్క మంచాల వాళ్ళు రేడియో కట్టేశారట. సంభావనార్థకం దగ్గర నర్సు మందుల పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. ఇన్ని రకాలుగా ఎదురుచూడవచ్చని తనకు ఇంతవరకూ తెలియదందట.

చివర ఆజ్ఞలు. కింది వరసలు చూసి మరదలి గొంతు మారేసరికి వాడు దిండు మీంచి తల ఎత్తి, 'వచ్చింది, అన్న అసలు రంగు. ఊఁ, చదువు' అన్నాడట. మరదలు చదివింది. 'నేను' అని ఉంది, దాని ఎదుట గీత ఉంది.

'గీతంటే?' అన్నాడు.

'ఏమీ లేదు. ఆజ్ఞ ఉండాల్సినచోట మీ అన్నగారు తన ఎదుట గీత గీసి ఊరుకున్నారు.'

'మళ్ళీ చూడు.'

మళ్ళీ చూసింది. గీతే. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, చదవడం రానివాడు, ఆ గీత మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఉన్నాడట. 'అయితే ఇక నాకు చెప్పేదేమీ లేదన్నమాట' అన్నాడు. తర్వాత, 'చాలు, కింద ఉన్నవి నేను బయటికొచ్చాక చదువుదువు గాని, వాళ్ళను పిలువు' అని తనే లేచి కూర్చున్నాడు.

అమ్మా, దాని కింది వరస ఏమిటో మీకు తెలుసు. 'ఆగు.' దాని కిందది 'ఆగండి.' ఇంకొక్క వరస చదివి ఉంటే మళ్ళీ ఆగేవాడు. 

ముప్పయ్యో తేదీ ఉదయం ఆపరేషన్ చేశారు. గుండె కుట్టిన డాక్టరు పనితనం గురించి వాడు స్పృహ వచ్చీ రాగానే ఆరా తీశాడట, కుట్టు ఎంత దూరానికొకటి వేశారని. బతికాడు. ఈ మాట నిఘంటువులో మూడుసార్లు చూసుకున్నాను. వర్తమానమే.

ఇప్పుడు నాకు మిగిలిన బెంగ ఒకటే. ఆ గీత నేను గీసింది కాదు. తనకు తాను ఎవరూ ఆజ్ఞ ఇచ్చుకోలేరు కాబట్టి ఆ గడి ఖాళీ అని మీ తొమ్మిదో పాఠంలో ఉంది, చూసి ఎత్తి రాశాను. నేను నా బుద్ధితో రాసిన ఉత్తరమే చేరి ఉంటే, తొమ్మిది ఆజ్ఞలూ విని వాడు గోడవైపు తిరిగినవాడు తిరిగినట్టే ఉండేవాడు. ఈ సంగతి వాడికి చెప్పాలా వద్దా? చెబితే ఏ కాలంలో చెప్పాలి? మీరు చెప్పినట్టు చేస్తాను. ఒకరు చెప్పినట్టు చేయడం నాకు కొత్త, అలవాటు చేసుకుంటున్నాను.

ఇట్లు,
మీ విద్యార్థి

తా.క.: ఇలాంటి ఉత్తరమే ఇంకొకటి, వేరే మాటతో, వెంటనే రాయమని వాడు కబురు పెట్టాడు. వార్డులో వాళ్ళూ అడుగుతున్నారట. 'కొమేర్', అంటే తినడం, అది కూడా తిన్నగా నడిచే క్రియే కదా. దాని పట్టిక పంపండి. డాక్టరు ఇంకా చెంచాడు నీళ్ళు తప్ప ఇవ్వనివ్వడం లేదట కాబట్టి భవిష్యత్తుతో మొదలుపెడతాను. ఆజ్ఞలున్న పేజీ మాత్రం మీ దగ్గరే ఉంచండి.